స్టీమ్‌ఓఎస్ పెట్టుకోవచ్చా? ముందు వాడినవాళ్ల మాటలు, తరచుగా అడిగే ప్రశ్నలు

స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ దుకాణం నడిపే వాల్వ్ కంపెనీ గేమింగ్ కోసమని తయారుచేసిన ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) స్టీమ్‌ఓఎస్ గురించి ఫ్రెండ్స్‌లో, చుట్టాల్లో ఎవరికి డౌట్ వచ్చినా ఫోన్ నాకే వస్తోంది. 2025 మే నెలలో ఇది వాల్వ్ సొంత చేతి గేమింగ్ పరికరం స్టీమ్ డెక్ దాటి వేరే కంపెనీల పరికరాల మీదకీ వచ్చింది, అక్టోబర్ 14న విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది, అప్పట్నుంచి ఫోన్లు ఇంకా పెరిగాయి. ఒక్కొక్కరికీ మొదటి నుంచి చెప్పే ఓపిక లేక మొత్తం ఒకచోట రాసేస్తున్నాను. 2013లో దీని మొదటి బీటాని ఎక్కించుకున్న కొద్దిమంది పిచ్చోళ్లలో నేనొకణ్ని, డెక్ కూడా చాన్నాళ్లుగా వాడుతున్నాను, ఈమధ్యే డెస్క్‌టాప్ మీద కూడా పెట్టి చూశాను (చేతులు కూడా కాల్చుకున్నాను, అది కింద చెప్తాను).

ఇది కొత్త ఓఎస్ ఏంటన్నా, లైనక్సే కదా?

లైనక్సే. మొదటి రెండు వెర్షన్లు డెబియన్ అనే లైనక్స్ రకం మీద కట్టారు, ఇప్పుడున్న మూడోది ఆర్చ్ లైనక్స్ మీద కట్టారు. కానీ మామూలు లైనక్స్‌లాగా ఆన్ చేయగానే డెస్క్‌టాప్, ఐకాన్లు కనపడవు. నేరుగా మీ గేమ్‌ల లైబ్రరీ పెద్ద పెద్ద బొమ్మలతో వస్తుంది, కీబోర్డు, మౌస్ లేకుండా కంట్రోలర్‌తోనే అంతా నడిచిపోతుంది. ప్లేస్టేషన్ ఆన్ చేసినట్టే ఉంటుంది. కావాలంటే పవర్ మెనూలోకి వెళ్లి డెస్క్‌టాప్ మోడ్‌కి మారొచ్చు, అక్కడ కేడీఈ ప్లాస్మా అనే మామూలు డెస్క్‌టాప్ ఉంటుంది, బ్రౌజర్ పెట్టుకోవచ్చు, సినిమా చూసుకోవచ్చు.

2013 నుంచి ఉన్నదాన్ని కొత్తది అంటారేంటి?

పేరు ఒకటే, సరుకు వేరు. కథ 2012లో మొదలైంది. ఆ ఏడాది జులైలో వాల్వ్ అధిపతి గేబ్ న్యూవెల్, విండోస్ 8 పీసీ రంగంలో అందరికీ విపత్తే అని బహిరంగంగా అన్నాడు. ఆయన భయం అర్థం చేసుకోదగ్గదే: మైక్రోసాఫ్ట్ విండోస్‌లోనే సొంత యాప్ స్టోర్ పెట్టింది, రేపు బయటి దుకాణాలకి తలుపులు మూసేస్తే స్టీమ్ గతేం కాను? నెల తిరక్కుండానే వాల్వ్ వాళ్లు లెఫ్ట్ 4 డెడ్ 2 గేమ్‌ని ఉబుంటు (ఇంకో లైనక్స్ రకం) మీద నడిపి 315 ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఎన్ని ఫ్రేమ్‌లు చూపిస్తుందనే లెక్క) వచ్చిందనీ, అదే మెషీన్‌లో విండోస్ 7 మీద 270.6 మాత్రమే వచ్చిందనీ లెక్కలు పెట్టారు. ఆ రెండు అంకెలు చూసి మాలాంటివాళ్లం ఎగిరి గంతేశాం. 2013 సెప్టెంబర్‌లో స్టీమ్‌ఓఎస్ ప్రకటించారు, డిసెంబర్ 13న బీటా వదిలారు, అమెరికాలో ఎంపిక చేసిన 300 మందికి ప్రోటోటైప్ మెషీన్లు కూడా పంపారు.

అప్పట్లో మొదట వాడినవాళ్లు ఏమన్నారు?

కొత్త బిచ్చగాడు పొద్దెరగడు అన్నట్టు, మొదటి రెండు రోజులు పొగడ్తలే పొగడ్తలు. మూడో రోజు నుంచి అసలు మాటలు బయటికొచ్చాయి.

నిజానికి వాల్వ్ ముందే చెప్పింది, మీరు లైనక్స్‌లో ఆరితేరినవాళ్లు కాకపోతే 2014లో ఇంకొన్ని నెలలు పోయాక చూసుకోండి అని. ఎవరు వింటారు? నేనూ వినలేదు. గుంటూరులో మా ఇంట్లో, రాత్రి పదకొండు దాటాక, ఒక జీబీకి కాస్త తక్కువున్న ఆ ఫైల్‌ని సాయంత్రం నుంచి డౌన్‌లోడ్ పెట్టి, పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ కొట్టి, అందులోకి విప్పి పెట్టి మొదలుపెట్టాను. ఇన్‌స్టాల్ అంతా దానంతటదే అయిపోతుంది, ఏ డిస్క్ అని అడగదు, ఉన్నదంతా తుడిచేస్తుంది. ఆ సంగతి ముందే చదివాను కాబట్టి అసలు డిస్క్ కేబుల్ పీకేసి పాత 500 జీబీ డిస్క్ ఒక్కటే తగిలించాను. ఆ తర్వాత తంతు చూడండి: 'స్టీమ్' అనే యూజర్‌తో లాగిన్ కావాలి (పాస్‌వర్డ్ కూడా స్టీమే), స్టీమ్ తెరిచి షరతులు ఒప్పుకోవాలి, లాగవుట్ కొట్టాలి, ఈసారి 'డెస్క్‌టాప్' అనే యూజర్‌తో రావాలి (పాస్‌వర్డ్ కూడా డెస్క్‌టాపే), టెర్మినల్ తెరిచి ఒక స్క్రిప్టు నడపాలి, అది రీస్టార్ట్ అడుగుతుంది. సత్యనారాయణ వ్రతంలో కూడా ఇన్ని అంకాలు ఉండవు. రెండున్నరకి లైబ్రరీ స్క్రీన్ వచ్చింది. చాలా అందంగా ఉంది. లోపల నా గేమ్‌లు నలభైకి పైగా ఉంటే, ఇన్‌స్టాల్ బటన్ వెలిగినవి ఆరు.

అదే అందరి గోలా. చూడ్డానికి బాగుంది, ఆడ్డానికి ఏముంది? రెండో ఫిర్యాదు: యూఈఎఫ్ఐ (కంప్యూటర్‌ని లేపే కొత్తరకం ప్రోగ్రామ్) ఉన్న మదర్‌బోర్డు కావాలి, పాత బయోస్ బోర్డులకి ఎక్కదు. మూడోది: మొదటి బీటాకి ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డే ఉండాలి, ఏఎండీ, ఇంటెల్ వాళ్లు ఆగాల్సిందే. నాలుగోది కొంచెం తెలిసినవాళ్లు అన్నమాట: ఉబుంటు ఎక్కించి అందులో స్టీమ్ పెట్టి బిగ్ పిక్చర్ మోడ్ (టీవీకి సరిపడే పెద్ద స్క్రీన్ రూపం) నొక్కితే ఇదే కదా, దీనికి వేరే ఓఎస్ ఎందుకు? నిజం చెప్పాలంటే ఆ ప్రశ్నకి 2013లో సరైన జవాబు లేదు.

ఇందులో మంచి సంగతి కూడా ఒకటుంది. వాడేవాళ్లలోనే ఒకాయన పాత బయోస్‌కి కూడా ఎక్కేలా, డ్యూయల్ బూట్ (ఒకే మెషీన్‌లో రెండు ఓఎస్‌లు) కుదిరేలా దీన్ని మార్చి సొంతంగా ఒక వెర్షన్ వదిలాడు. జనవరి 2014 వచ్చేసరికి వాల్వ్ కూడా పాత బోర్డులకి దారి తెరిచింది. మొదట వాడినవాళ్లు మొత్తుకుంటే పని జరుగుతుందని నాకు నమ్మకం కుదిరింది అప్పుడే.

మరి అప్పటి స్టీమ్ మెషీన్లు ఎందుకు మూలనపడ్డాయి?

2015 నవంబర్ 10న ఏలియన్‌వేర్, జోటాక్ లాంటి కంపెనీలు స్టీమ్‌ఓఎస్ వేసిన డబ్బాలు అమ్మకానికి పెట్టాయి. అదే వారంలో ఆర్స్ టెక్నికా ఒకే మెషీన్ మీద స్టీమ్‌ఓఎస్, విండోస్ 10 రెండూ వేసి టెస్ట్ చేసింది. పెద్ద గేమ్‌లలో సెట్టింగ్స్‌ని బట్టి 21 నుంచి 58 శాతం దాకా ఎఫ్‌పీఎస్ పడిపోయింది. వాల్వ్ సొంత గేమ్‌లు కూడా విండోస్‌ని దాటలేదు. 315 అంకె చూసి ఎగిరినవాళ్లం అక్కడే కూలబడ్డాం. ఆ డబ్బా ధరకే విండోస్ పీసీ వస్తుంటే, అందులో గేమ్‌లన్నీ నడుస్తుంటే, దీన్ని ఎవరు కొంటారు? 2018కల్లా స్టీమ్ దుకాణంలో ఆ పేజీకి దారి కూడా తీసేశారు.

ఇప్పుడు విండోస్ గేమ్‌లు ఎలా నడుస్తున్నాయి? ఎమ్యులేటరా?

ఎమ్యులేటర్ కాదు, దుబాసీ అనుకోండి. గేమ్ విండోస్ భాషలో ఏదో అడుగుతుంది, ప్రోటాన్ అనేది దాన్ని లైనక్స్‌కి అర్థమయ్యేలా చెప్పి జవాబు తెచ్చిస్తుంది. లోపల ఉన్నది 1993లో మొదలైన వైన్ అనే ప్రాజెక్టు. కానీ వైన్ ఒక్కటే ఉన్నన్నాళ్లూ గ్రాఫిక్స్ దగ్గర చచ్చిపోయేది. ఫిలిప్ రెబోలె అనే ప్రోగ్రామర్ తనకి నియర్: ఆటోమాటా ఆడాలనిపించి, విండోస్‌లోని డైరెక్ట్3డీ గ్రాఫిక్స్ పిలుపుల్ని లైనక్స్‌లో కూడా నడిచే వల్కన్‌లోకి మార్చే డీఎక్స్‌వీకే రాశాడు. వాల్వ్ అతనికి చేయూతనిచ్చింది, కోడ్‌వీవర్స్ కంపెనీతో కలిసి అన్నిటినీ ఒక మూటగా కట్టి 2018 ఆగస్టు 21న ప్రోటాన్ పేరుతో వదిలింది. మొదటి రోజు అధికారికంగా నడుస్తాయని చెప్పినవి 27 గేమ్‌లే. ఇప్పుడు వేలల్లో ఉన్నాయి, మీరు కొన్న గేమ్ నడుస్తుందో లేదో ప్రోటాన్‌డీబీ సైట్‌లో పేరు కొడితే వాడినవాళ్ల మాటలతో సహా కనపడుతుంది.

నా దృష్టిలో ఓఎస్ 2013లో కూడా చెత్తది కాదు. అప్పుడు లేనిది ఈ దుబాసీ.

డెక్ వచ్చాక మొదట కొన్నవాళ్లు ఏమన్నారు?

2022 ఫిబ్రవరి ఆఖర్లో డెక్‌లు చేరడం మొదలైంది, మూడో వెర్షన్ స్టీమ్‌ఓఎస్‌ని జనం చూసింది అప్పుడే. నా డెక్‌ని డల్లాస్ నుంచి మా బావ సూట్‌కేసులో చీరల మధ్య చుట్టి తెచ్చాడు, 64 జీబీ మోడల్, అంటే అప్పట్లో అన్నిట్లోకీ చవకది.

అందరూ ముక్తకంఠంతో మెచ్చుకున్నది ఒక్క పవర్ బటన్‌ని. ఆట మధ్యలో నొక్కితే నిద్రపోతుంది, మళ్లీ నొక్కితే ఎక్కడ ఆపామో అక్కడే లేస్తుంది. ఇదేం గొప్ప అనుకుంటారు, కానీ విండోస్ హ్యాండ్‌హెల్డ్‌ని నిద్రపుచ్చి బ్యాగులో పెట్టి, గంట తర్వాత తీస్తే ఇస్త్రీపెట్టెలా కాలుతూ, చార్జింగ్ సున్నాకొచ్చి ఉన్నది ఒకసారి చూస్తే తెలుస్తుంది.

రెండోది 40 హెర్ట్జ్, అంటే స్క్రీన్ సెకనుకి 40 సార్లు మారడం. ఇది 2022 మేలో అప్‌డేట్‌గా వచ్చింది. 30 ఎఫ్‌పీఎస్‌లో ఒక్కో ఫ్రేమ్‌కి 33.3 మిల్లీసెకన్లు పడుతుంది, 60లో 16.7. ఈ రెంటికీ సరిగ్గా మధ్యలో ఉండేది 25, అంటే 40 ఎఫ్‌పీఎస్. వినడానికి 30కి దగ్గర్లో ఉన్నట్టుంటుంది, చేతికి మాత్రం సగం దూరం వచ్చేసినట్టు తెలుస్తుంది, బ్యాటరీ కూడా మిగులుతుంది. పెద్ద గేమ్‌లన్నీ నేను ఇప్పటికీ ఇందులోనే ఆడతాను.

ఎల్డెన్ రింగ్ విషయం అయితే మొదటివాళ్లకి నిజంగా షాకే. ఆ గేమ్, డెక్ ఒకే రోజుల్లో వచ్చాయి. ఖరీదైన విండోస్ పీసీల్లో కూడా ఆగి ఆగి నడుస్తోందని గగ్గోలు పుడితే, డెక్‌లో సాఫీగా పోయింది. కారణం మాయ కాదు. డెక్‌లన్నిట్లో ఒకటే చిప్ కాబట్టి షేడర్లని (బొమ్మ ఎలా గీయాలో గ్రాఫిక్స్ చిప్‌కి చెప్పే చిన్న ప్రోగ్రామ్‌లు) ముందే తయారుచేసి వాల్వ్ పంపేస్తుంది, మీ మెషీన్ ఆట మధ్యలో వంట మొదలుపెట్టక్కర్లేదు. దానికి తోడు మెమరీ వాడకంలో ఉన్న ఒక లోపాన్ని వాళ్ల ఇంజనీర్లు తమ వైపు నుంచే సరిచేశారు.

తిట్లు కూడా తక్కువేం కాదు. ఫ్యాన్ సన్నగా ఈల వేస్తోందన్నారు. డెక్‌లో బాగా నడుస్తుందని వాల్వ్ 'వెరిఫైడ్' అంటూ పచ్చ గుర్తిచ్చిన గేమ్‌లో అక్షరాలు చీమల్లా ఉన్నాయన్నారు. ఇంటర్నెట్ లేని చోటికి తీసుకెళ్తే కొన్ని గేమ్‌లు లాంచర్ దగ్గరే ఆగిపోతున్నాయన్నారు, ఇది నాకు విజయవాడ దాటాక రైల్లో అనుభవం. వెళ్లేముందు ఇంట్లోనే ఒకసారి గేమ్ తెరిచి, ఆఫ్‌లైన్ మోడ్ పెట్టి, మళ్లీ తెరిచి చూసుకోవడం అలవాటు చేసుకున్నాను.

విండోస్ కంటే ఎఫ్‌పీఎస్ ఎక్కువ వస్తుందా?

చిన్న హ్యాండ్‌హెల్డ్‌ల మీద చాలాసార్లు అవును. లెనోవో లీజియన్ గో ఎస్ ఒకటే పరికరం రెండు ఓఎస్‌లతోనూ దొరుకుతుంది, 2025లో దాని మీద జరిగిన పోలికల్లో ఎక్కువ గేమ్‌లలో స్టీమ్‌ఓఎస్ ముందుంది, అందులో 2015లో దీన్ని ఉతికి ఆరేసిన ఆర్స్ టెక్నికా కూడా ఉంది. వెనకాల తిరిగే చెత్త తక్కువ, కాబట్టి తక్కువ వాట్లలో నడిచే చిప్‌కి ఊపిరాడుతుంది. మంచి గ్రాఫిక్స్ కార్డున్న డెస్క్‌టాప్‌లో అంత తేడా ఆశించకండి. అక్కడ కొన్ని గేమ్‌లు అటు, కొన్ని ఇటు. రే ట్రేసింగ్ (వెలుతురుని నిజంలా చూపించే పద్ధతి) ఆన్ చేస్తే ఎక్కువగా విండోసే మేలు. ఎఫ్‌పీఎస్ కోసమే మారేవాళ్లకి నేను వద్దనే చెప్తున్నాను.

వాలరెంట్ ఆడొచ్చా?

లేదు.

ఎందుకని? ఏదో ట్రిక్ ఉంటుందిగా అన్నా...

ట్రిక్ లేదు, ఉందని చెప్పేవాళ్ల దగ్గరికి వెళ్లి అకౌంట్ బ్యాన్ చేయించుకోకండి. వాలరెంట్‌తో వచ్చే వ్యాన్‌గార్డ్ అనే చీటింగ్ పట్టే ప్రోగ్రామ్ విండోస్ గర్భగుడిలో, అంటే కెర్నెల్‌లో, కూర్చుని కాపలా కాస్తుంది. లైనక్స్‌లో దానికి ఆ పీఠం లేదు. లీగ్ ఆఫ్ లెజెండ్స్‌కి 2024లో అదే కాపలా పెట్టారు, అదీ పోయింది. ఫోర్ట్‌నైట్, కొత్త కాల్ ఆఫ్ డ్యూటీలు, బ్యాటిల్‌ఫీల్డ్ 6, పబ్‌జీ, రెయిన్‌బో సిక్స్ సీజ్ ఇవేవీ నడవవు.

ఇంకా కడుపు మండే కేసులు, నడిచి ఆగిపోయినవి. ఏపెక్స్ లెజెండ్స్ డెక్‌లో చక్కగా ఆడుకునేవాళ్లం, 2024 అక్టోబర్ ఆఖరికి లైనక్స్‌ని పూర్తిగా బయటికి నెట్టేశారు, చీటింగ్ ఎక్కువైందని కారణం చెప్పారు. జీటీఏ 5లో ఆన్‌లైన్ కూడా అంతే, అదే ఏడాది సెప్టెంబర్‌లో బ్యాటిల్‌ఐ (ఇదీ చీటింగ్ పట్టేదే) పెట్టాక ఆగిపోయింది, కథ మాత్రం ఆడుకోవచ్చు. ఈజీ యాంటీ-చీట్, బ్యాటిల్‌ఐ రెండూ 2021 నుంచి ప్రోటాన్‌కి సపోర్ట్ ఇస్తున్నాయి, కానీ గేమ్ తయారుచేసినవాళ్లు దాన్ని ఆన్ చేయాలి. చాలామంది చేయరు. ఇందులో స్టీమ్‌ఓఎస్ చేయగలిగింది ఏమీ లేదు, వాడేవాళ్లం చేయగలిగింది అసలే లేదు.

నడిచేవి: కౌంటర్-స్ట్రైక్ 2, డోటా 2 ప్రోటాన్ అక్కర్లేకుండా నేరుగా లైనక్స్‌లో నడుస్తాయి. ఎల్డెన్ రింగ్ ఆన్‌లైన్ బాగానే నడుస్తుంది. ఒంటరిగా ఆడే గేమ్‌లలో నడవనిది దొరకడం ఇప్పుడు కష్టమే.

బీజీఎంఐ?

అది ఫోన్ గేమ్. ఫోన్‌లో ఆడుకోండి.

నాది ఎన్విడియా కార్డు. పర్లేదా?

విధి వైపరీత్యం అంటే ఇదే. 2013లో ఎన్విడియా ఉంటేనే రా అన్న ఓఎస్, ఇప్పుడు ఏఎండీ చుట్టూ తిరుగుతోంది. డెక్‌లో ఉన్నది ఏఎండీ చిప్, 2025 మేలో వచ్చిన 3.7.8 వెర్షన్‌లో సపోర్ట్ పెంచింది కూడా ఏఎండీ హ్యాండ్‌హెల్డ్‌లకే. ఎన్విడియా ఉన్నవాళ్లు దీనికోసం తల బద్దలు కొట్టుకోవద్దు. బాజైట్ అని ఫెడోరా మీద కట్టిన ఓఎస్ ఉంది, డెస్క్‌టాప్ కోసం ఎన్విడియా డ్రైవర్లతో కలిపి వేరే ఇమేజ్ ఇస్తారు, రూపం దాదాపు ఇదే. అయినా డీఎక్స్12 (విండోస్ గ్రాఫిక్స్ పద్ధతి డైరెక్ట్ఎక్స్ 12) వాడే గేమ్‌లలో విండోస్‌తో పోలిస్తే వేగం తగ్గుతోందని వాడేవాళ్లు చెప్తున్నారు, అది ముందే తెలుసుకుని దిగండి.

డెస్క్‌టాప్ మీద ఎలా ఎక్కించావు?

వాల్వ్ ఇచ్చే రికవరీ ఇమేజ్‌ని (ఓఎస్ ఎక్కించే ఫైల్) 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి రాసి, బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆపేసి, పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేశాను. నాది రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు, రెండూ ఏఎండీవే. కాసేపటికి డెస్క్‌టాప్ వచ్చింది, మీద కొన్ని ఐకాన్లు, అందులో ఒకటి మొత్తం తుడిచి కొత్తగా వేసేది. అది నొక్కితే ఒకసారి 'సరేనా' అని అడుగుతుంది, సరే అంటే మొదటి ఎన్‌వీఎంఈ (బోర్డుకి నేరుగా తగిలించే వేగమైన ఎస్‌ఎస్‌డీ) డిస్క్‌ని తుడిచి రాసేస్తుంది. మొదటిది అంటే మీరు మనసులో అనుకున్నది కాదు, లైనక్స్ లెక్కలో మొదటిది.

నా బోర్డులో రెండు ఎన్‌వీఎంఈలు ఉన్నాయి. పైన గ్రాఫిక్స్ కార్డు పక్కనున్నది విండోస్‌ది, కింద కొత్తగా కొన్నది ఖాళీది. ఖాళీది కింద ఉంది కదా, దాంట్లోకే పోతుందిలే అనుకున్నాను, ఎందుకనుకున్నానో ఇప్పటికీ తెలీదు. పదేళ్ల కిందట కేబుల్ పీకి మరీ జాగ్రత్తపడ్డవాణ్ని, ఈసారి గ్రాఫిక్స్ కార్డు తీసి స్క్రూ విప్పడానికి బద్ధకించాను. నాలుగు నిమిషాల్లో స్టీమ్ లోగో వచ్చింది. విండోస్, అందులో రెండేళ్ల ఆఫీస్ ఫైళ్లు, మా పాప అన్నప్రాశన వీడియోలు పోయాయి. వీడియోలు మా అత్తగారి ఫోన్‌లో వాట్సాప్‌వి దొరికాయి, మసకగా. తప్పు పూర్తిగా నాదే, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

సాటా ఎస్‌ఎస్‌డీ (కేబుల్‌తో తగిలించే పాతరకం) మాత్రమే ఉంటే ఆ ఐకాన్ పనిచేయదు, ఎన్‌వీఎంఈ కోసమే రాసిన స్క్రిప్టు అది.

విండోస్ ఉంచుకుని పక్కన ఇది కూడా పెట్టుకోవచ్చా?

వేరే డిస్క్ ఉంటే హాయిగా. ఆన్ చేసేటప్పుడు బయోస్ బూట్ మెనూలో ఏది కావాలంటే అది ఎంచుకోవచ్చు. ఒకే డిస్క్‌ని చీల్చి రెండూ పెట్టడం కూడా చేస్తున్నారు కానీ ఇన్‌స్టాలర్‌లో ఆ సదుపాయం లేదు, అంతా చేత్తో చేసుకోవాలి, మీకు పార్టిషన్లు అంటే భయం లేకపోతేనే. ఇంకోటి, విండోస్‌లో డౌన్‌లోడ్ చేసుకున్న గేమ్‌లని ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన) డిస్క్ నుంచే ఇక్కడ నడిపేద్దాం అనుకుంటారు అందరూ. కొన్నాళ్లు నడిచి తర్వాత అర్థంకాని ఎర్రర్లు ఇస్తుంది. మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవడమే మంచిది.

ఎపిక్ స్టోర్‌లో ఫ్రీగా తీసుకున్న గేమ్‌లన్నీ ఉన్నాయి, వాటి సంగతి?

డెస్క్‌టాప్ మోడ్‌కి వెళ్లి డిస్కవర్ అనే స్టోర్‌లో హీరోయిక్ అని వెతికి పెట్టుకోండి. ఎపిక్, జీఓజీ (ఇంకో గేమ్ దుకాణం) రెండు అకౌంట్లూ అందులో పనిచేస్తాయి, గేమ్‌ని స్టీమ్ లైబ్రరీలోకి చేర్చే బటన్ కూడా ఉంది. ఎక్స్‌బాక్స్ గేమ్ పాస్ మాత్రం డౌన్‌లోడ్ చేసి ఆడటం కుదరదు, క్లౌడ్ ద్వారా అయితే బ్రౌజర్‌లో. క్రాక్ గేమ్‌ల గురించి కూడా చాలామంది గొంతు తగ్గించి అడుగుతున్నారు, అది మాత్రం నన్ను అడగొద్దు.

అప్‌డేట్ అవుతుండగా కరెంటు పోతే?

ఈ ప్రశ్న మనవాళ్లు మాత్రమే అడుగుతారు, చాలా మంచి ప్రశ్న. లోపల సిస్టమ్‌కి రెండు ప్రతులు ఉంటాయి. మీరు ఒకదాంట్లో ఉండగా అప్‌డేట్ రెండోదాంట్లోకి రాసుకుంటుంది, పూర్తయ్యాక రీస్టార్ట్‌లో అటు మారుతుంది. మధ్యలో కరెంటు పోయినా పాత ప్రతి చెక్కుచెదరకుండా ఉంటుంది, దాంట్లోనే లేస్తుంది. మా వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ పేలిన రోజు నాకిది అనుభవంలోకి వచ్చింది, ఇన్వర్టర్ కూడా అప్పటికే చేతులెత్తేసింది.

దీనికి ఇంకో ముఖం ఉంది. సిస్టమ్ భాగం మొత్తం రాయడానికి వీల్లేకుండా తాళం వేసి ఉంటుంది. లైనక్స్ తెలిసిన కుర్రాళ్లు మొదటి రోజే తాళం తీసి ప్యాక్‌మ్యాన్ అనే ఇన్‌స్టాల్ టూల్‌తో ఏవేవో ఎక్కించేస్తారు, తర్వాతి అప్‌డేట్ రాగానే అన్నీ మాయం, నా మీద అరుస్తారు. డిస్కవర్‌లో దొరికే యాప్‌లు (వీటిని ఫ్లాట్‌పాక్‌లు అంటారు) మీ హోమ్ భాగంలో ఉంటాయి కాబట్టి వాటికేం కాదు. ఏదైనా పెట్టాలంటే అక్కడి నుంచే పెట్టండి.

రోజూ 2 జీబీ ప్యాక్ వేసుకునేవాణ్ని, సరిపోతుందా?

కష్టం. గేమ్‌ల సైజు సంగతి తెలిసిందే, దానికి తోడు పైన చెప్పిన షేడర్ల డౌన్‌లోడ్‌లు రోజు విడిచి రోజు వస్తుంటాయి, ఒక్కోటి చిన్నవే, కానీ ముప్పై గేమ్‌లు పెట్టుకుంటే హాట్‌స్పాట్ పొద్దున్నే ఖాళీ. సెట్టింగ్స్‌లో డౌన్‌లోడ్‌ల టైమ్‌ని రాత్రికి పెట్టుకోవచ్చు.

ఆఫీస్ పని, తెలుగు టైపింగ్ కుదురుతాయా?

బ్రౌజర్‌లో అయ్యే పని అంతా అవుతుంది. లిబ్రే ఆఫీస్ పెట్టుకోవచ్చు. తెలుగు కోసం డెస్క్‌టాప్ మోడ్‌లో కీబోర్డు సెట్టింగ్స్‌కి వెళ్లి లేఅవుట్‌లలో తెలుగు కలుపుకుంటే ఇన్‌స్క్రిప్ట్ వస్తుంది. స్టీమ్ మెనూలు మాత్రం తెలుగులో లేవు. కానీ నన్నడిగితే రోజువారీ పనికి దీన్ని పెట్టుకోవద్దు, ఇది ఆటల కోసం చేసింది, ప్రింటర్ తగిలించాలన్న రోజు ఏడుపొస్తుంది.

టీవీకి పెట్టుకుంటే?

దీనికి అంతకంటే మంచి చోటు లేదు. ఒక్క చిక్కు: ఏఎండీ ఓపెన్ సోర్స్ డ్రైవర్‌లో హెచ్‌డీఎంఐ 2.1 పెడతామంటే హెచ్‌డీఎంఐ ఫోరం (ఆ ప్రమాణాన్ని నడిపే సంస్థ) 2024లో ఒప్పుకోలేదు, అందువల్ల 4కే 120 హెర్ట్జ్ టీవీ కొన్నవాళ్లు ఆ పూర్తి వేగాన్ని నేరుగా హెచ్‌డీఎంఐ కేబుల్‌తో పొందడం కష్టం. 4కే 60 చాలనుకుంటే బాధే లేదు. 2025 నవంబర్‌లో వాల్వ్ మళ్లీ స్టీమ్ మెషీన్ పేరుతోనే ఒక చిన్న నల్ల డబ్బాని ప్రకటించింది, పదేళ్ల కింద పోయిన పేరుని ధైర్యంగా మళ్లీ తీశారు.

ఇక్కడ డెక్ కొనొచ్చా?

వాల్వ్ మన దేశంలో నేరుగా అమ్మట్లేదు. ఆన్‌లైన్‌లో, కంప్యూటర్ మార్కెట్లలో దొరికేవి బయటి నుంచి తెప్పించినవి, రేటు ఎక్కువ, వాల్వ్ వారంటీ ఇక్కడ పనికిరాదు. నాకు తెలిసినతను ఒక షాపులో 'సీల్డ్ పీస్' అని కొన్నాడు, తెరిచి చూస్తే అంతకుముందు ఎవరో లాగిన్ అయి ఉన్నారు, ఎల్డెన్ రింగ్‌లో మార్గిట్ అనే బాస్ దగ్గర ఆగిపోయి. కొనేముందు షాపులోనే ఆన్ చేయించి, స్టోరేజ్ ఎంతుందో, ఎవరి అకౌంట్ ఉందో చూడండి. బావలు, మరదళ్లు వస్తుంటే ముందే చెప్పి పెట్టుకోవడం అన్నిటికంటే చవక.

ఇంతకీ నన్నేం చేయమంటావు?

మీ స్టీమ్ లైబ్రరీ తెరిచి, పోయిన నెలలో నిజంగా ఆడిన గేమ్‌లు రాసుకోండి. కొన్నవి కాదు, ఆడినవి. అందులో వాలరెంట్‌లాంటిది ఒక్కటున్నా విండోస్ తీయొద్దు. మా మేనల్లుడు అదొక్కటే ఆడతాడు, వాడి పీసీ జోలికి నేను వెళ్లలేదు. కథ ఉన్న గేమ్‌లు, కంట్రోలర్‌తో సోఫాలో కూర్చుని ఆడే గేమ్‌లు ఎక్కువుండి, కార్డు ఏఎండీ అయితే, ఒక చవక ఎన్‌వీఎంఈ కొని దానిమీద పెట్టి నెల రోజులు చూడండి. నచ్చకపోతే తీసేసి యూఎస్‌బీ కేస్‌లో పెట్టి పెన్‌డ్రైవ్‌లా వాడుకోవచ్చు. కాకపోతే పెట్టేముందు పాత డిస్క్ స్క్రూ విప్పి పక్కన పెట్టండి. గ్రాఫిక్స్ కార్డు తీయాల్సి వచ్చినా సరే, తీయండి.